హైఫన్ ఉన్న డాట్ కామ్ వదిలేసి డాట్ షాప్‌కి మారొచ్చా, లేక ఊరికే రిజిస్టర్ చేసి పక్కన పెట్టుకుంటే చాలా?

చెక్కపని

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేనూ మా అన్నయ్యా కలిసి చెక్క ఫర్నిచర్ చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతాం, మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో మా పేరులో ఉన్న రెండు పదాలూ కలిపి డాట్ కామ్ చూస్తే ఎవరో ముందే తీసేసుకున్నారు, సరే అని మధ్యలో హైఫన్ పెట్టి తీసుకున్నాం, అప్పుడు అదేం పెద్ద విషయం అనిపించలేదు. ఇప్పుడు రోజూ అదే తలనొప్పి. ఫోన్లో కస్టమర్‌కి మెయిల్ ఐడీ చెప్పాలంటే మొదటి పదం, తర్వాత గీత, కింద గీత కాదండీ మధ్య గీత, దాని తర్వాత రెండో పదం అని చెప్తా, అవతలి నుంచి "గీత స్పెల్లింగ్ చెప్పండి మేడమ్" అంటారు. నిన్న ఒకావిడ నిజంగానే గీత అని అక్షరాలు టైప్ చేసి పంపింది, మెయిల్ వెనక్కొచ్చింది, మళ్లీ ఫోన్ చేసింది.

ఈమధ్య మా రిజిస్ట్రార్ నుంచి, అదే డొమైన్ పేరు మాకు అమ్మిన కంపెనీ నుంచి, వరసపెట్టి మెయిల్స్ వస్తున్నాయి. హైఫన్ లేకుండా మా పేరు డాట్ షాప్‌లో ఖాళీగా ఉందట, డాట్ స్టోర్, డాట్ ఫర్నిచర్, డాట్ ఆన్‌లైన్‌లో కూడా ఉందట, నాలుగూ కలిపి తీసుకుంటే మొదటి ఏడాది దాదాపు ఊరికే ఇచ్చినట్టే. అన్నయ్య ఏమంటాడంటే ఎలాగూ డబ్బాల మీద స్టిక్కర్లు అయిపోవచ్చాయి, మళ్లీ ప్రింట్ చేయించాలి కాబట్టి ఈ దెబ్బతో డాట్ షాప్‌కి పూర్తిగా మారిపోదాం, పేరు చూడగానే షాపు అని తెలుస్తుంది, గూగుల్‌లో కూడా పైకి వస్తాం అని. నాకేమో భయం, తొమ్మిదేళ్ల మెయిల్స్, పాత కస్టమర్లు, బయట సైట్లలో ఉన్న మా లింకులు అన్నీ ఏమవుతాయో అని.

ఇంకోటి, మొన్న ఒకతను ఫోన్ చేసి మీ పేరుతో వేరే కంపెనీ నాలుగైదు ఎక్స్‌టెన్షన్లకి, అదే డాట్ తర్వాత వచ్చే తోకలకి, అప్లై చేసింది, మీకు హక్కుంది కాబట్టి ముందు మిమ్మల్ని అడుగుతున్నాం, సాయంత్రం లోపు చెప్పండి అన్నాడు. అప్పటి నుంచి అన్నయ్య ఇంకా కంగారు పడుతున్నాడు. మారాలా, మారకుండా కొని పెట్టుకోవాలా, అసలు కొనాలా, కొంటే ఎన్ని కొనాలి? ఈ అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


కొత్తసభ్యుడు22

అక్కా ఆ ఫోన్ కాల్ సంగతి మాత్రం వదిలేయండి, అది చాలా పాత మోసం, ఇన్నేళ్లుగా మెయిల్ రూపంలో వచ్చేది ఇప్పుడు ఫోన్ కూడా చేస్తున్నారన్నమాట. ఏ రిజిస్ట్రారూ ఒకడు పేరు కొనడానికి వస్తే ఆపి ఇంకొకరికి ఫోన్ చేసి మీకు కావాలా అని అడగడు, ముందు వచ్చినవాడికి ముందు ఇచ్చేస్తాడు అంతే. నిజంగా వేరే కంపెనీ ఉంటే మీ ఫోన్ పెట్టేలోపే వాళ్లు కొనేసి ఉండేవాళ్లు. రేపు వెళ్లి చూడండి ఆ పేర్లన్నీ ఖాళీగానే ఉంటాయి.


మెయిల్‌సర్వర్_పని

చెక్కపని గారూ, డాట్ షాప్ మంచిదా కాదా అనేది తర్వాత చూద్దాం అండి. మీ పోస్టులో మీరు ఒక్క ముక్కలో దాటేసిన విషయం ఒకటుంది, హైఫన్ లేని డాట్ కామ్ ఎవరో ముందే తీసుకున్నారు అని. నా లెక్కలో మొత్తం నిర్ణయం దాని మీదే ఉంది.

ఎందుకంటే జనానికి గుర్తుండేది ఎడమవైపు ఉన్న పేరు, కుడివైపు తోక కాదు. తోక గుర్తులేనివాళ్లు అలవాటు కొద్దీ డాట్ కామ్ కొట్టేస్తారు. మీరు హైఫన్ తీసేసి స్టిక్కర్ల మీద పేరు డాట్ షాప్ అని వేయించి ఊరంతా ప్రచారం చేస్తే, మీ డబ్బుతో మీరే ఆ పక్కవాడి డాట్ కామ్‌కి జనాన్ని తోలినట్టు. ఓవర్‌స్టాక్ అని పెద్ద ఆన్‌లైన్ కంపెనీ ఉంది కదా, వాళ్లు 2011లో ఓ డాట్ కో అని పేరు మార్చుకుని టీవీల్లో గట్టిగా యాడ్స్ వేశారు, జనం వెళ్లి ఓ డాట్ కామ్ కొట్టారు, ఆ పేరుతో అసలు సైటే లేదు. ఏడాది తిరక్కుండానే మళ్లీ పాత పేరుకే తిరిగొచ్చారు. అంత ప్రచారం చేయగలిగినవాళ్లకే అలా అయింది.

సైట్ అయినా పర్లేదు, తప్పు చోటికి వెళ్లినవాడు చూసి ఇది కాదే అని వెనక్కొస్తాడు. మెయిల్ అలా కాదు. ఆ డాట్ కామ్ ఓనర్ క్యాచ్-ఆల్ పెట్టి ఉన్నాడనుకోండి, ఏ పేరుతో వచ్చిన మెయిలైనా అతని పెట్టెలో పడిపోతుంది, పంపినవాడికి బౌన్స్ కూడా రాదు, చేరిపోయింది అనుకుంటాడు. మీ కస్టమర్ ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ అన్నీ ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి. ఇది ఊహించి చెప్తున్నది కాదు, అమెరికా మిలిటరీ వాళ్ల డాట్ ఎమ్ఐఎల్ బదులు ఒక అక్షరం తగ్గి డాట్ ఎమ్ఎల్ అని కొట్టడం వల్ల మాలి అనే దేశం ఎక్స్‌టెన్షన్‌కి మెయిల్స్ వెళ్లిపోతున్నాయని 2023లో బయటపడింది, లక్షకు పైగా మెయిల్స్ అలా వెళ్లాయి. ఇప్పుడు మీ గీత సమస్యలో కనీసం మెయిల్ వెనక్కొచ్చింది, ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. హైఫన్ తీసేశాక వెనక్కి రాకపోవచ్చు.

కాబట్టి ముందు ఆ డాట్ కామ్‌లో ఏముందో చూడండి, నడుస్తున్న సైటా, ఖాళీ పేజీనా, అమ్మకానికి అని బోర్డు ఉందా. ఎప్పుడు రిజిస్టర్ అయిందో కూడా చూడండి, ఆ వివరాలు చూపించేదాన్ని ఇదివరకు హూఈజ్ అనేవాళ్లం, ఇప్పుడు ఆర్‌డ్యాప్‌లో వెతకాలి, ఓనర్ పేరు దాచినా తేదీలు మాత్రం కనిపిస్తాయి.

ఇక ధర సంగతి. మొదటి ఏడాది ఊరికే ఇస్తామన్నప్పుడు రెండో ఏడాది ఎంతో అడగాలి. డాట్ కామ్ నడిపే వెరిసైన్ కంపెనీకి, డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐక్యాన్ సంస్థతో ఒప్పందంలో ధర మీద పరిమితి ఉంది, ప్రతి ఆరేళ్ల ఒప్పందంలో చివరి నాలుగేళ్లు మాత్రమే, అదీ ఏటా 7 శాతం మించకుండా పెంచుకోవచ్చు. 2012లో ఐక్యాన్ అప్లికేషన్లు తీసుకున్న రౌండ్ నుంచి వచ్చిన కొత్త ఎక్స్‌టెన్షన్లకి అలాంటి పరిమితి ఏమీ లేదు. రెన్యువల్ ధర పెంచేముందు 180 రోజుల నోటీసు ఇవ్వాలని మాత్రం రూల్ ఉంది, కానీ ఆ నోటీసు ఇచ్చేది రిజిస్ట్రార్‌కి, మీకు కాదు. రిజిస్ట్రార్ మీకు చెప్తే తెలుస్తుంది, చెప్పకపోతే కార్డు మీద కోత పడ్డాక తెలుస్తుంది. 2017లో ఒక రిజిస్ట్రీ, అంటే ఎక్స్‌టెన్షన్లని నడిపే కంపెనీ, తన చేతిలో ఉన్న కొన్ని ఎక్స్‌టెన్షన్ల ధరలు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచింది, వాటి మీద వ్యాపారం కట్టుకున్నవాళ్లు లబోదిబోమన్నారు. ఈ రూల్‌లోనే మనకి పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది, పెంచేలోపు పాత ధరకే పదేళ్ల వరకు రెన్యువల్ చేసుకోనివ్వాలి. కాబట్టి ఏదైనా ఎక్స్‌టెన్షన్‌ని నిజంగా వాడదామనుకుంటే ఏడాదికి కాదు, పదేళ్లకి కట్టేయండి. పదేళ్లకి కట్టాలంటే చెయ్యి వెనక్కి లాగుతోందంటే ఆ పేరు మీకు అంత అవసరం లేదన్నమాట.

ఇంకొకటి కూడా చూసుకోండి. కొన్ని పేర్లని రిజిస్ట్రీనే ప్రీమియం అని పక్కన పెడుతుంది, వాటికి రెన్యువల్ కూడా ప్రతి ఏడాదీ ప్రీమియమే. మామూలుగా రెన్యువల్ ధర అందరికీ ఒకేలా ఉండాలని రూల్, కానీ కొనేటప్పుడు ఎక్కువ ధరకి మీరు స్పష్టంగా ఒప్పుకుంటే ఆ రూల్ మీకు వర్తించదు. ఆ ఒప్పుకోవడం ఎక్కడ ఉంటుందంటే చెకౌట్‌లో చిన్న అక్షరాల పక్కన టిక్ పెట్టే డబ్బా. చదవకుండా టిక్ పెట్టొద్దు.


స్టూడియోవాళ్లం

పైన చెప్పినవాటిలో చాలా వరకు నిజమే కానీ నేను ఇంకో వైపు నుంచి చెప్తా. మేం డిజైన్ పని చేస్తాం, మొదలుపెట్టినప్పుడే డాట్ స్టూడియోలో తీసుకున్నాం, ఆరేళ్లుగా అదే మా అసలు అడ్రస్, మాకు డాట్ కామ్ లేదు. బతికే ఉన్నాం, బానే ఉన్నాం. పేరు చిన్నగా ఉంటుంది, కార్డు మీద చూడ్డానికి బావుంటుంది, చూడగానే ఏం పని చేస్తామో అర్థమవుతుంది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ కూడా 2015లో ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ తీసుకుంది కదా, కొత్త ఎక్స్‌టెన్షన్ అంటే చిన్నచూపు చూడాల్సిన పనేం లేదు.

కానీ చెక్కపని గారికీ మాకూ తేడా ఉంది. మేం మొదటి రోజు నుంచీ అందులోనే ఉన్నాం, మీకు తొమ్మిదేళ్ల సామాను ఉంది. పైగా మా క్లయింట్లు ఏడాదికి ఇరవై ముప్పై మంది, అందరితో నేరుగా మాట్లాడతాం. మీకు రోజూ కొత్తవాళ్లు.

మాకు ఇబ్బంది వచ్చింది సైట్‌తో కాదు, మెయిల్‌తో. మొదటి ఏడాదే ఒక సామాన్ల సప్లయర్ పోర్టల్‌లో అకౌంట్ తెరుద్దామని మెయిల్ ఐడీ కొడితే పక్కన ఎర్రగా "సరైన ఈమెయిల్ ఇవ్వండి" అని వస్తుంది. నాలుగు సార్లు కొట్టాను, కాపీ పేస్ట్ చేశాను, వేరే బ్రౌజర్‌లో చూశాను. చివరికి వాళ్ల సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "మేడమ్ చివర డాట్ కామ్ మర్చిపోయారు" అన్నాడు. మర్చిపోలేదు బాబూ అంతే మా అడ్రస్ అంటే నమ్మలేదు. తర్వాత తెలిసిందేంటంటే పాత ఫారాల్లో డాట్ తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉండాలని చెక్ రాసి పెట్టేవాళ్లట, మాది ఆరు అక్షరాలు. డాట్ షాప్ నాలుగే కాబట్టి అక్కడ గట్టెక్కుతుంది, డాట్ ఫర్నిచర్ తొమ్మిది, అది తీసుకుంటే మా పాట్లే మీకూ. ఇప్పుడు చాలా తగ్గింది, దీని కోసమే యూనివర్సల్ యాక్సెప్టెన్స్ అని 2015లో ఒక గ్రూపు మొదలైంది, అయినా ఏడాదికి ఒకటి రెండు సార్లు ఎక్కడో ఒక చోట తగులుతూనే ఉంటుంది. అలాంటి చోట వాడ్డానికి మామూలు ఫ్రీ మెయిల్ ఒకటి పెట్టుకున్నాం.

కొత్త తోకల నుంచి వచ్చే మెయిల్స్‌ని కొంతమంది గుడ్డిగా స్పామ్‌లో వేస్తారు, అదీ ఉంది. చవగ్గా ఇచ్చే ఎక్స్‌టెన్షన్లలో స్పామ్ పంపేవాళ్లు గుంపులుగా పేర్లు కొంటారు, అందుకని స్పామ్ మీద నిఘా పెట్టే స్పామ్‌హాస్ లాంటి వాళ్లు ఏ ఎక్స్‌టెన్షన్‌లో ఎంత చెత్త ఉందో లెక్క బయటపెడుతుంటారు. తీసుకునేముందు ఆ లిస్టులో ఒకసారి చూసుకోండి.

అన్నయ్య గారి గూగుల్ మాట గురించి, అది నిజం కాదు. గూగుల్ 2015లోనే తన బ్లాగులో రాసింది, కొత్త ఎక్స్‌టెన్షన్లని మిగతావాటిలాగే చూస్తాం, తోకలో కీవర్డ్ ఉన్నంత మాత్రాన లాభం గానీ నష్టం గానీ ఉండదు అని. డాట్ షాప్ అని ఉంటే షాపుల్లో పైకి తెస్తుంది అనేది అమ్మేవాళ్లు చెప్పే మాట.

గీత సమస్యకి మేం చేసేది ఒకటి చెప్తా, మేం అసలు ఫోన్లో అడ్రస్ చెప్పడం మానేశాం. "మీ నంబర్‌కి లింక్ పంపిస్తా అండి, నొక్కితే చాలు" అంటాం. స్టిక్కర్ మీద క్యూఆర్ వేస్తాం. ఎవరూ టైప్ చేయకపోతే హైఫన్ ఉంటే ఏంటి లేకపోతే ఏంటి.


చెక్కపని

అందరికీ చాలా థాంక్స్, ఆ లింక్ పంపే ఐడియా ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదో, ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాం. మెయిల్‌సర్వర్ గారు చెప్పినట్టు ఆర్‌డ్యాప్‌లో చూశాను, హైఫన్ లేని డాట్ కామ్ 2004లో రిజిస్టర్ అయింది, మేం మొదలుపెట్టకముందు ఎప్పుడో. సైట్ తెరిస్తే ఏవో యాడ్స్ లింకులు, పైన ఈ డొమైన్ అమ్మకానికి ఉండొచ్చు అని ఒక లైను. ఇంకో విషయం చూసి గుండె జారింది, ఆ యాడ్స్‌లో ఫర్నిచర్ లింకులే ఉన్నాయి.

అన్నయ్య అంటున్నాడు మనకి ట్రేడ్‌మార్క్ ఉంది కదా, కేసు వేసి ఆ పేరు తీసుకోవచ్చు కదా అని. అది కుదురుతుందా? కుదరకపోతే కనీసం ఇంకెవరూ మా పేరు తీసుకోకుండా ఎన్ని ఎక్స్‌టెన్షన్లు కొని పెట్టుకోవాలి? మొత్తం ఎన్ని ఉంటాయి అసలు?


ట్రేడ్‌మార్క్_పని

నేను ఈ పనే చేస్తాను కాబట్టి చెప్తున్నా, కానీ మీ కాగితాలు చూడకుండా చెప్పేది కాబట్టి లాయర్ సలహాగా తీసుకోవద్దు.

కేసు ముందు. డొమైన్ గొడవలకి కోర్టుకి వెళ్లక్కర్లేకుండా యూడీఆర్‌పీ అని ఐక్యాన్ 1999లో పెట్టిన పద్ధతి ఉంది. అందులో మీరు మూడూ రుజువు చేయాలి, పేరు మీ మార్కులాగే ఉందని, వాడికి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి దురుద్దేశంతోనే వాడుతున్నాడని. మూడోదాంట్లో మీరు ఆగిపోతారు. 2004లో మీరు లేరు, లేనివాళ్ల మార్కు మీద దురుద్దేశం ఎలా ఉంటుంది. ఇప్పుడు ఫర్నిచర్ యాడ్స్ రావడం మీకు కోపం తెప్పిస్తుంది, నాకూ అర్థమవుతుంది, కానీ మామూలుగా ఆ ఒక్కదానితో గెలవరు. పైగా గెలవదని తెలిసీ వేస్తే మీరే పేరు లాక్కోవాలని చూశారని ఆ కేసు వినే ప్యానెల్ తీర్పులో రాసే అవకాశం ఉంది, అది ఎప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంటుంది. కేసుకి పెట్టే డబ్బు పక్కన పెట్టి ఆ పేరు కొనడానికి బేరం ఆడండి. మీ కంపెనీ మెయిల్ నుంచి అడగొద్దు, బ్రోకర్ ద్వారా గానీ మామూలు ఐడీ నుంచి గానీ అడగండి, డబ్బు మాత్రం ఎస్క్రో ద్వారానే, అంటే పేరు మీ చేతికి వచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండేలా.

ఇక ఎన్ని ఉంటాయంటే, 1985లో మొదలైనప్పుడు కామ్, నెట్, ఆర్గ్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2000 రౌండ్‌లో ఇన్ఫో, బిజ్ లాంటివి ఏడు కలిశాయి. 2012లో గేట్లు ఎత్తేశారు, 1,930 అప్లికేషన్లు వచ్చాయి, 2013 అక్టోబర్ నుంచి ఒక్కొక్కటే రూట్‌లోకి, అదే ఎక్స్‌టెన్షన్లన్నీ ఉండే అసలు జాబితాలోకి, వచ్చి 1,200 దాటాయి. మీరు చూస్తున్న డాట్ షాప్ కోసం తొమ్మిది మంది పోటీ పడితే 2016లో వేలంలో జీఎమ్ఓ అనే జపాన్ కంపెనీ 4.15 కోట్ల డాలర్లకి దక్కించుకుంది. ఇంత పెట్టినవాళ్లు దాన్ని ఎక్కడి నుంచి రాబట్టుకుంటారు, మన రెన్యువల్ ఫీజుల నుంచే కదా. అది తప్పని కాదు, అది వాళ్ల వ్యాపారం, మనం తెలుసుకుని కొనాలి అంతే. ఇప్పుడు ఇంకో రౌండ్ ఉంది, ఐక్యాన్ ప్రకటించిన అప్లికేషన్ విండో 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు, ఒక్కో అప్లికేషన్‌కి 2,27,000 డాలర్లు. అంటే మన పేరుతో సొంత ఎక్స్‌టెన్షన్ అనేది చిన్న వ్యాపారానికి సంబంధం లేని విషయం. మెక్‌డొనాల్డ్స్ అంతటివాళ్లే 2012 రౌండ్‌లో తీసుకున్న సొంత ఎక్స్‌టెన్షన్లు 2017లో వదిలేసుకున్నారు. కానీ ఆ రౌండ్ నుంచి ఇంకా కొత్త తోకలు వస్తూనే ఉంటాయి, అన్నిట్లో పేరు కొని కాపాడుకోవాలి అనుకుంటే ఏ కంపెనీ వల్లా కాదు.

నేను నా దగ్గరికి వచ్చినవాళ్లకి చెప్పేది, ఎవరో కొంటే మీ కస్టమర్ నిజంగా మోసపోయే పేర్లు ఏవో కూర్చుని రాయండి అని. మామూలుగా రెండో మూడో వస్తాయి. మీకు ట్రేడ్‌మార్క్ ఉంది కాబట్టి దాన్ని ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్ అనే మార్కుల జాబితాలో నమోదు చేసుకోవచ్చు, 2013 నుంచి ఉంది అది. దానివల్ల ఏ కొత్త ఎక్స్‌టెన్షన్ తెరిచినా అందరికంటే ముందు, సన్‌రైజ్ అనే సమయంలో, కనీసం 30 రోజులు మీకు అవకాశం ఉంటుంది, అందరికీ తెరిచాక కూడా కనీసం 90 రోజులు మీ మార్కుతో పేరు కొనబోయేవాడికి ఇది ఫలానావాళ్ల మార్కు అని హెచ్చరిక చూపిస్తారు. కానీ సన్‌రైజ్ ఉంది కదా అని ప్రతిదానికీ పరిగెత్తొద్దు, 2015లో డాట్ సక్స్ అనేదానికి సన్‌రైజ్‌లో పేరుకి ఏడాదికి రెండున్నర వేల డాలర్లు అడిగారు, భయంతో కట్టినవాళ్లు కట్టారు. మిగతా చోట్ల ఎవడైనా మీ పేరుతో దొంగ షాపు తెరిస్తే అప్పుడు యూఆర్‌ఎస్ అని త్వరగా అయ్యే పద్ధతి ఉంది, ముఖ్యంగా కొత్త ఎక్స్‌టెన్షన్ల కోసం పెట్టింది అది. పేరు మీకు రాదు, ఆ సైట్ మాత్రం ఆపేస్తారు.


కొత్తసభ్యుడు22

అక్కా డాట్ షాప్ వద్దనుకుంటే డాట్ ఐఓ గానీ డాట్ కో గానీ చూడొచ్చు కదా, రెండక్షరాలే, అన్ని ఫారాల్లోనూ పడతాయి, చాలా కంపెనీలు వాడుతున్నాయి.


మెయిల్‌సర్వర్_పని

పడతాయి తమ్ముడూ, కానీ రెండక్షరాలవి అన్నీ దేశాల కోడ్‌లు, ఐక్యాన్ కాంట్రాక్టు రూల్స్ ఏవీ వాటికి వర్తించవు, నేను పైన చెప్పిన 180 రోజుల నోటీసు కూడా. ఆ దేశం ఏం చెప్తే అదే. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో ఉన్నవాళ్ల డాట్ ఈయూ పేర్లు 2021 జనవరి 1 నుంచి ఆపేశారు, వాళ్లు చేసిన తప్పేమీ లేదు. యుగోస్లావియా పోయింది, దాని డాట్ వైయూ 2010లో తీసేశారు. నువ్వు చెప్పిన డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, ఆ దీవుల్ని మారిషస్‌కి ఇచ్చేందుకు 2025 మేలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఆ కోడ్ ఏమవుతుందో అని అందులో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. ఊరికే ఇచ్చే డాట్ టీకే లాంటివి నడిపిన కంపెనీ 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసి తర్వాత ఆ వ్యాపారమే మానేసింది. దేశాలతో సంబంధం లేని కొత్త జెనరిక్ ఎక్స్‌టెన్షన్లకి ఆ విషయంలో కనీసం ఒక దన్ను ఉంది, రిజిస్ట్రీ చేతులెత్తేస్తే పేర్లు ఆగిపోకుండా వేరే ఆపరేటర్ చేతికి ఇచ్చే ఏర్పాటు ఐక్యాన్ దగ్గర ఉంది, 2017లో డాట్ వెడ్‌కి అలాగే చేశారు.

చెక్కపని గారూ, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఒకటి మాత్రం మర్చిపోవద్దు, హైఫన్ ఉన్న డాట్ కామ్‌ని ఎప్పటికీ వదలకండి. కొంతమంది కొత్త పేరుకి మారి, ఒకటి రెండేళ్లు పాతది కొడితే కొత్తదానికి వెళ్లేలా రీడైరెక్ట్ పెట్టి, ఇంకెవరూ రావట్లేదు కదా అని పాతది రెన్యువల్ మానేస్తారు. మీ బ్యాంకు, సోషల్ మీడియా, కొరియర్ అకౌంట్లు, హోస్టింగ్ అన్నిట్లోనూ లాగిన్‌గా ఉన్నది ఆ పాత మెయిల్ ఐడీనే. డాట్ కామ్ ఎక్స్‌పైర్ అయ్యాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు గడువు, తర్వాత మీరు వెనక్కి తెచ్చుకోగలిగే రిడెంప్షన్ 30 రోజులు, తర్వాత 5 రోజులకి డిలీట్, ఆ క్షణంలో ఎవడో ప్రోగ్రామ్ పెట్టి పట్టుకుంటాడు. పట్టుకుని మీ పాత ఐడీకి పాస్‌వర్డ్ రీసెట్ కొడితే ఆ లింక్ వాడికే వెళ్తుంది. ఇలా అకౌంట్లన్నీ పోగొట్టుకున్న ఒక చిన్న కంపెనీకి నేను సాయం చేశాను, తిరిగి తెచ్చుకునేసరికి మూడు నెలలు పట్టింది, కొన్ని అసలు రాలేదు. ఆ మూడు నెలలూ వాళ్ల ముఖాలు చూశాను కాబట్టి ఇంతగా చెప్తున్నా.

డాట్ షాప్ కొని మెయిల్ వాడకుండా రీడైరెక్ట్‌కి మాత్రమే పెట్టుకుంటే దానికి ఎస్‌పీఎఫ్ రికార్డులో, అదే మెయిల్ ఎక్కడి నుంచి పంపొచ్చో చెప్పే రికార్డులో, ఈ పేరు నుంచి ఎవరూ మెయిల్ పంపరు అని ఒక్క లైను రాయండి, దొంగ మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా రిజెక్ట్‌లో పెట్టండి. లేకపోతే మీ పేరుతో ఉన్న డొమైన్ కదా, మీ కస్టమర్లకి దొంగ ఇన్‌వాయిస్‌లు దాన్నుంచే పంపుతారు.


చెక్కపని

వారం తర్వాత మళ్లీ వచ్చాను, ఏం చేశామో చెప్పకుండా వెళ్లిపోతే బావుండదు కదా.

అన్నయ్యా నేనూ కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదివాం, రెండుసార్లు వాదించుకున్నాం కూడా. మారట్లేదు. మెయిల్, సైట్ రెండూ హైఫన్ డాట్ కామ్ మీదే ఉంటాయి, స్టిక్కర్ మీద అడ్రస్ చిన్నగా, క్యూఆర్ పెద్దగా వేయించాం. డాట్ షాప్ ఒక్కటే తీసుకున్నాం, పదేళ్లకి కట్టాం, అది ఎక్కడా ప్రచారం చేయం, హైఫన్ లేకుండా మా పేరుతో ఇంకొకరు షాపు తెరవకుండా ఉండడానికి మాత్రమే. డాట్ ఫర్నిచర్ కూడా తీసుకుందామని అన్నయ్య చివరిదాకా పట్టుబట్టాడు, చెకౌట్ దాకా వెళ్లాం, అక్కడ మెయిల్‌సర్వర్ గారు చెప్పిన టిక్ డబ్బా ఉంది. రెన్యువల్ ప్రతి ఏడాదీ ప్రీమియం ధరకే అని చిన్న అక్షరాల్లో. అన్నయ్య దాన్ని పైకి చదివి, ఇంకోసారి చదివి, ట్యాబ్ మూసేశాడు.

హైఫన్ లేని డాట్ కామ్‌కి బ్రోకర్ ద్వారా అడిగించాం. చెప్పిన ధర మా చేతికి అందేది కాదు, కానీ వద్దని కూడా అనలేదు, మేం ఒక అంకె చెప్పి ఊరుకున్నాం. ఏడాదికోసారి అడుగుతూ ఉండమన్నాడు బ్రోకర్.

ఒక చిన్న సమస్య మిగిలింది, డాట్ షాప్ నుంచి డాట్ కామ్‌కి 301 రీడైరెక్ట్ పెట్టాం, మామూలుగా కొడితే వెళ్తోంది గానీ ముందు హెచ్‌టీటీపీఎస్ పెట్టి కొడితే ఈ సైట్ సురక్షితం కాదు అని ఎర్ర పేజీ వస్తోంది. ఎందుకలా?


మెయిల్‌సర్వర్_పని

రీడైరెక్ట్ అయ్యే పేరుకి కూడా సొంత సర్టిఫికెట్, అంటే ఈ సైట్ ఆ పేరుదే అని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు, ఉండాలండి. బ్రౌజర్ ముందు డాట్ షాప్‌తో తాళం చూసుకుంటుంది, అది కుదిరాకే ఎటు వెళ్లాలో వింటుంది, డాట్ కామ్ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. మీ హోస్టింగ్ ప్యానెల్‌లో ఉచిత సర్టిఫికెట్ ఆప్షన్ ఉంటుంది, డాట్ షాప్‌కి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఒకటి, లేకుండా ఒకటి, రెండిటికీ ఆన్ చేయండి. కాసేపాగి ఫోన్లో ప్రైవేట్ విండోలో చూడండి, ఇప్పుడు వాడిన బ్రౌజర్ పాతదే గుర్తుపెట్టుకుని మళ్లీ ఎరుపే చూపించొచ్చు.


చెక్కపని

రెండోదానికి ఆన్ చేయలేదండి, అదే. ఇప్పుడు వెళ్తోంది. డీమార్క్ కూడా రిజెక్ట్‌లో పెట్టేశాను.